ఇంటిపేరు ఎక్కడిది? నల్లగొండ, పాలమూరు కుటుంబాలు ఆరా తీయాల్సిన తీరు

ఇంటిపేరు పుట్టుక తెలుసుకోవాలనుకునేవాళ్లు చాలామంది నేరుగా అర్థం మీద పడతారు. ‘పులి’ అని ఉంటే తాత పులిని చంపాడంటారు, ‘కోట’ అని ఉంటే కోట కట్టించాడంటారు. ఆ కథ ఎంత బాగుంటే దాన్ని అంత అనుమానించాలి. పేరు వచ్చాక అల్లిన కథలే వాటిలో ఎక్కువ. అర్థం సంగతి ఆఖరున చూసుకోవచ్చు. ముందు తేలాల్సినవి రెండే: ఈ పేరు మీ ఇంటికి ఏ తరం నుంచి ఉంది, అప్పటికి ఆ ఇల్లు ఏ ఊళ్లో ఉంది.

ఊరిపేరే ఇంటిపేరైతే ఒక సంగతి గుర్తుంచుకోవాలి. దేవరకొండలో ఉన్నవాణ్ని దేవరకొండవాళ్లని ఎవరూ పిలవరు, అక్కడ అందరూ దేవరకొండవాళ్లే. ఆ ఊరు విడిచి ఇంకో ఊళ్లో దిగితేనే కొత్త ఊరివాళ్లు అలా పిలుస్తారు. కాబట్టి ఇంటిపేరులో ఉన్న ఊరు మీవాళ్లు వదిలొచ్చిన ఊరు. అంతకుముందు ఆ ఇంటికి వేరే పేరు ఉండే అవకాశం ఎక్కువ. హైదరాబాద్ రాష్ట్ర ముఖ్యమంత్రిగా చేసిన బూర్గుల రామకృష్ణారావు ఇంటిపేరు అసలు పుల్లంరాజు. సొంతూరు షాద్‌నగర్ దగ్గరి బూర్గుల. లోకానికి ఆ ఊరిపేరే ఆయన ఇంటిపేరుగా స్థిరపడింది. పేరు మారడానికి ఒక్క తరం చాలని దీన్నిబట్టి తెలుస్తుంది.

మొదలు ఇంట్లో

ఒక లావు నోటుబుక్కు తీసుకుని మనిషికో పేజీ వదలండి. పిలుపు పేరు, కాగితాల్లో ఉన్న పేరు, తండ్రి, తల్లి, తల్లి పుట్టింటి ఇంటిపేరు, ఊరు, ఈ సంగతి చెప్పింది ఎవరు, ఏ తేదీన చెప్పారు, ఇవన్నీ ఆ పేజీలో ఉండాలి. చాలామంది చివరి రెండూ రాయరు. రేపు ఇద్దరు పెద్దవాళ్లు రెండు రకాలుగా చెబితే ఏది ఎవరి మాటో తెలియక మొత్తం చిక్కుపడుతుంది.

మగవాళ్లకంటే ముందు మేనత్తలను అడగండి. అత్తగారింటికి వెళ్లిన ఆడబిడ్డ పుట్టింటి పేరును తాను విన్నట్టే పలుకుతుంది. ఊళ్లోనే ఉన్న మగవాళ్లు బడి రిజిస్టరులోనో పట్టా పాసుబుక్కులోనో ఎక్కిన తీరుకు అలవాటుపడిపోతారు. ఫోనులో రికార్డు చేసి ఆ పలుకుబడిని ఉన్నదున్నట్టు తెలుగులో రాసుకోండి, దిద్దకండి. ‘బండ్ల’ అన్నారా ‘బళ్ల’ అన్నారా అన్నది తర్వాత పనికొస్తుంది.

‘మన ఇంటిపేరుకు అర్థమేంది?’ అని అడిగితే కథ చెబుతారు. ‘మనోళ్లు ఈడికి యాడికెల్లి ఒచ్చిన్రు?’ అని అడిగితే ఊరు చెబుతారు. అన్నిటికంటే గట్టి ప్రశ్న ఇంకోటుంది: ‘ఎవరు సచ్చిపోతే మనకు ముట్టుడు?’ ముట్టుడు అంటే చావు మైల. అది పట్టేవాళ్లు పాలోళ్లు, అంటే ఒకే తండ్రి సంతతి. ఇంటిపేరు వేరైనా ముట్టుడు కలిసిందంటే ఒకప్పుడు ఒకే ఇల్లు, మధ్యలో పేరు చీలింది. ఇంటిపేరు ఒకటే అయినా వాళ్లతో పిల్లనిచ్చి పుచ్చుకోవడం ఉందంటే పేరు కలిసిందే తప్ప వంశం వేరు. దినాలకు ఎవరెవరు ఏ ఊరి నుంచి వచ్చేవారో రాసుకుంటే సగం వంశవృక్షం అక్కడే తయారవుతుంది.

తేదీలు ఎవరికీ గుర్తుండవు, సంఘటనలు గుర్తుంటాయి. రజాకార్ల గడబిడ అంటే 1947–48. సాగర్ డ్యామ్ కడుతున్నప్పుడు అంటే 1955 నుంచి 1967 దాకా. మొదటి ఓట్లు 1952. ‘గత్తరొచ్చిన యేడు’ అంటే మాత్రం జాగ్రత్త, కలరా పలుమార్లు వచ్చింది.

ఇంటిదేవుడు ఎక్కడున్నాడో చూడండి

పుట్టెంటికలు ఎక్కడ తీస్తారు, మొక్కు ఏ గుట్టకు చెల్లిస్తారు అన్నది వలసకు మంచి ఆనవాలు. అయితే యాదగిరిగుట్ట, చెర్వుగట్టు, మన్నెంకొండ, కురుమూర్తి లాంటి పెద్ద క్షేత్రాలకు అన్ని ఊళ్లవాళ్లూ పోతారు కాబట్టి వాటితో పెద్దగా తేలదు. ఊరుపేరు తెలియని చిన్న ఎల్లమ్మ గుడికో మైసమ్మ కట్టకో మీ ఇంటివాళ్లు మాత్రమే నలభై యాభై కిలోమీటర్లు వెళ్లి బోనం పెడుతుంటే, పాత ఊరు ఆ చుట్టుపక్కలే ఉండొచ్చు. అక్కడికి బొడ్రాయి పండుగ రోజుల్లో వెళ్లండి. వలసపోయినవాళ్లు, ఆడబిడ్డలు ఊరికి చేరేది అప్పుడే. ఒకే పూటలో పదిమంది పెద్దవాళ్లు దొరుకుతారు.

వంశం చెప్పేవాళ్లు

తెలంగాణలో చాలా కులాలకు వాళ్ల గోత్రాలు, వంశాలు చెప్పే ఆశ్రిత కులాలు ఉన్నాయి. రెడ్లకు పిచ్చకుంట్లవాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు, యాదవులకు మందెచ్చులవాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, విశ్వబ్రాహ్మణులకు రుంజవాళ్లు. ఏ కుటుంబం ఏ ఊళ్లలో అడుక్కోవాలో వాళ్లలో వాళ్లకు పంపకం ఉంటుంది, దాన్నే మిరాశి అంటారు.

వాళ్లు చెప్పేదాన్ని రెండుగా విడదీయండి. ముందు వచ్చే కులపురాణం ఆ కులమంతటికీ ఒకటే, మీ ఇంటి చరిత్రకు పనికిరాదు. ఆ తర్వాత పేర్లు పెట్టి చదివే నాలుగైదు తరాలు, మధ్యలో దొర్లే ఊళ్ల పేర్లు అసలైన సరుకు. కథ అయ్యాక విడిగా ఒక్క మాట అడగండి: మా ఇంటిపేరువాళ్లు మీ మిరాశిలో ఇంకా ఏయే ఊళ్లలో ఉన్నారు? ఈ జాబితా ఏ ఆఫీసులోనూ దొరకదు. వాళ్లకు ఇవ్వాల్సిన కట్నం ఇవ్వండి. ఉత్త చేతులతో వివరాలు రాబట్టుకోవాలనుకోవడం మర్యాద కాదు, వాళ్ల బతుకుదెరువే అది.

కాగితాలు: కొత్త నుంచి పాతకు

కాగితాల్లో ఇంటిపేరును పట్టుకుని వెనక్కి వెళ్లాలనుకుంటే మధ్యలో తప్పిపోతారు. భూమి ఉన్న కుటుంబమైతే సర్వే నంబరును పట్టుకోండి. మనుషుల పేర్లు నానా రకాలుగా మారతాయి, సర్వే నంబరు మాత్రం అదే ఉంటుంది, పంపకాలైనప్పుడు దాని పక్కన అక్షరాలు చేరతాయంతే.

ఇప్పటి పాసుబుక్కులో ఉన్న నంబరుతో మొదలుపెట్టి పాత పహాణీలు, అంటే ఏటేటా పొలం వివరాలు రాసిన రికార్డులు, చూసుకుంటూ 1954–55 ఖాస్రా పహాణీ దాకా వెళ్లండి. రికార్డు మీద 1364 ఫసలీ అని ఉంటుంది, ఫసలీ అంటే నిజాం కాలం నుంచి వాడిన రెవెన్యూ సంవత్సరం. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. దానికి వెనక సేత్వార్ ఉంటుంది. తొలి సర్వే జరిగినప్పుడు ఏ నంబరు ఎవరి పేరున పట్టా అయిందో అందులో ఉంటుంది. పహాణీ నకళ్లు తహసీల్దారు ఆఫీసులో, సేత్వార్ జిల్లా సర్వే–భూ రికార్డుల శాఖలో అడగాలి. నకలు దొరకడం లేదంటే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుము మండల స్థాయిలో 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10 రూపాయలు, గడువు 30 రోజులు. ‘మా ఇంటి చరిత్ర కావాలి’ అని రాస్తే తిరగ్గొడతారు. ఊరు, సర్వే నంబరు, ఫసలీ సంవత్సరం, రికార్డు పేరు, ఈ నాలుగూ రాసి ధ్రువీకరించిన నకలు అడగండి.

తండ్రి చనిపోయాక కొడుకుల పేర్లు ఎక్కించిన విరాసత్ కాగితాలు పహాణీకంటే విలువైనవి. ఒకే కాగితంలో రెండు తరాలు తేలతాయి. ఇనాం భూములున్న కుటుంబాలకు అదృష్టం ఇంకొంచెం ఎక్కువ. పూజారి, నీరటి, తలారి వంటి సేవలకు ఇచ్చిన ఇనాముల వారసత్వ విచారణ ఫైళ్లలో షజరా, అంటే వంశవృక్షం, గీసి ఉంటుంది. గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానాల ఊళ్లలో రెవెన్యూ పాలన వేరుగా నడిచింది. జాగీర్లు 1949లో రద్దయ్యేదాకా ఆ ఊళ్ల కాగితాలు దివానీ ఊళ్ల, అంటే నేరుగా నిజాం సర్కారు కింద ఉన్న ఊళ్ల, కాగితాల వరుసలో ఉండవు. అవి దొరక్కపోతే హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడగాలి.

పట్టా భూమి లేని కుటుంబాలకు వేరే దారులున్నాయి. 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల రిజిస్టరు ఒకటి. ఊరి బడి దాఖలా రిజిస్టరు ఇంకొకటి: తండ్రి పేరు, కులం, పుట్టిన తేదీ అన్నీ ఒకే వరుసలో ఉంటాయి. ఆ తేదీ మాత్రం చాలాసార్లు పంతులు రాసుకున్నదే. 19వ శతాబ్దం చివరి నుంచి నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో బాప్టిస్టు మిషన్లు, ఆ తర్వాత నాగర్‌కర్నూలు, వనపర్తి వైపు మెన్నొనైట్ మిషన్లు పనిచేశాయి. ఆ సంఘాలకు చెందిన కుటుంబాలు బాప్తిస్మ రిజిస్టర్లు ఉన్నాయేమో పాస్టరును అడగాలి.

పటేల్, పట్వారీ వ్యవస్థ 1984లో రద్దయింది. పాత పట్వారీ ఇంట్లో ఇప్పటికీ కాగితాల మూటలుంటాయి. వాటిని చూపించమని అడిగేముందు భూమి తగాదా కోసం రాలేదని స్పష్టంగా చెప్పండి. లేకపోతే ఆ మూట విప్పరు.

ఉర్దూ లిపిలో తెలుగు పేరు

నిజాం కాలపు రికార్డులు 1880ల దాకా పారసీలో, తర్వాత ఉర్దూలో సాగాయి. ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఆ లిపిలో హ్రస్వాచ్చులు రాయరు కాబట్టి మల్ల, మిల్ల, ముల్ల ఒకేలా కనిపిస్తాయి. ళకు, ణకు వేరే అక్షరాలు లేవు. గ మీద ఉండాల్సిన రెండో గీత గొలుసుకట్టు రాతలో ఎగిరిపోతే అది క అవుతుంది, అప్పుడు ‘గోన’ కాస్తా ‘కోన’ అవుతుంది. చుక్కలు చెదిరితే బ, ప, త ఒకదానికొకటి మారిపోతాయి. పేరు తర్వాత ‘వల్ద్’ అని ఉంటే ఫలానావాడి కొడుకు, ‘జౌజే’ అని ఉంటే ఫలానావాడి భార్య.

చదివించుకోవడానికి ఉర్దూ వచ్చిన పెద్దమనిషి దగ్గరకు వెళ్లినప్పుడు మీ ఇంటిపేరు ముందే చెప్పకండి. చెబితే ఆయన కంటికి అదే కనిపిస్తుంది. ఎన్ని రకాలుగా చదవొచ్చో అన్నీ చదవమనండి, అన్నీ రాసుకోండి. తండ్రి పేరు, సర్వే నంబరు కలిసిన చదువునే ఒప్పుకోండి.

ఇంగ్లీషు చేసే నష్టం ఇంకో రకం. దొంతుల, డొంతుల రెండూ ఇంగ్లీషులో ఒకటే. అక్కడి నుంచి మళ్లీ తెలుగులోకి దించిన ఓటరు జాబితాల్లో ఒకే ఇంట్లో అన్న ద అయితే తమ్ముడు డ అవుతాడు. ఓటరు జాబితా ఒక్కదాన్నే నమ్మి ఇంటిపేరు రాతను తేల్చకండి.

కాగితంలో కులం, ఇంట్లో పేరు

పాత రికార్డుల్లో చాలామందికి ఇంటిపేరు రాయాల్సిన చోట కులమో పనో రాశారు: చాకలి, కుర్వ, బోయ, కావలి, తలారి, నీరటి. రాసింది పట్వారీ, ఆ ఇంటివాళ్లను అడిగి రాసింది కాదు. చాకలి ఐలమ్మగా అందరికీ తెలిసిన ఆమె ఇంటిపేరు చిట్యాల. నారాయణపేట, గద్వాల వైపు ఇలా రాసిందే కొన్ని ఇళ్లకు నిజంగా ఇంటిపేరై కూర్చుంది. అలాంటి పేరుతో వెనక్కి వెళ్లలేరు, ఊళ్లో ఆ కులంవాళ్లంతా అదే పేరుతో కనిపిస్తారు. పాలోళ్లనో వంశం చెప్పేవాళ్లనో అడిగి లోపలి ఇంటిపేరు పట్టుకోవాలి.

ఇల్లరికం, దత్తత రెండూ గొలుసును తెంపుతాయి. ఇల్లరికపు అల్లుడి పిల్లలకు కొన్నిచోట్ల తల్లి పుట్టింటి పేరు వస్తుంది. ఒక తరంలో భూమి మామ పేరు నుంచి అల్లుడికో మనవడికో మారినట్టు కాగితంలో కనిపిస్తే అక్కడ ఆగి ఈ సంగతి ఆరా తీయండి.

పేరు తోక ఏం చెబుతుంది

ఇప్పుడు అర్థం దగ్గరకు రావచ్చు. ముందు చివరి భాగం చూడండి. ఊరిపేరు ఇంటిపేరైనప్పుడు రూపం మారుతుంది. ఊరు అన్నది ఊరి అవుతుంది, పాడు పాటి అవుతుంది, కల్లు కంటి అవుతుంది. ఓరుగల్లు నుంచి ఓరుగంటి వచ్చినట్టే పానగల్లు నుంచి పానగంటి. వరం కొన్నిసార్లు వరపు అవుతుంది, కొన్నిసార్లు అలాగే ఉంటుంది. పల్లి, కొండ, మర్రి మారవు. అంటే పటంలో వెతికేది ఇంటిపేరును కాదు, దాని వెనకున్న ప్రథమా రూపాన్ని. ‘పాటి’ అని వెతికితే దొరకని ఊరు ‘పాడు’ అని వెతికితే దొరకొచ్చు.

మనిషి పేరు నుంచి వచ్చినవి వేరే గుంపు. బొమ్మగాని లాంటి పేర్లలో చివరిది గాడు, అంటే బొమ్మగాడి సంతతి. గౌడ కుటుంబాల్లో ఇవి ఎక్కువ. బోయిన, రెడ్డి, శెట్టి, నేని చివర ఉంటే అవి పూర్వీకుడి పేరుకు తగిలించిన గౌరవపదాలు. పాలమూరులో మోనితో ముగిసే పేర్లు చాలా కనిపిస్తాయి, వాటిలోనూ ముందు భాగాన్ని మనిషి పేరుగా అనుమానించి చూడండి. శ్రీరామోజు, కొండోజు లాంటి వాటిలోని ఓజు కమ్మరి, వడ్రంగి, శిల్పి వంటి పనివాళ్ల గురువును సూచించే ఓజ నుంచి వచ్చింది. శాసనాల్లో శిల్పుల పేర్లు ఇలాగే ఉంటాయి. ఇలాంటి పేర్లకు ఊరు వెతకడం దండగ. ఏ తరంలో ఆ పేరుగల మనిషి ఉన్నాడో వెతకాలి.

చెట్లు, జంతువులు, వస్తువుల పేర్లు ఎక్కువగా ఎగతాళికో గుర్తుకో పెట్టినవి. వాటి కారణం కాగితాల్లో దొరకదు.

ఏ ఊరు?

రూపం తేలాక కూడా ఒకటికి మించి ఊళ్లు తగులుతాయి. పానగల్లు నల్లగొండ పక్కన సోమేశ్వరాలయాలున్న ఊరు ఒకటి, వనపర్తి జిల్లాలో కోట ఉన్నది ఇంకొకటి. మద్రాసు ప్రెసిడెన్సీకి ముఖ్యమంత్రిగా చేసిన పానగల్ రాజా ఇంటిపేరు కూడా పానగంటే, ఆయన సంస్థానం శ్రీకాళహస్తి వైపు ఉంది. చిట్యాల నల్లగొండ జిల్లాలో ఉంది, భూపాలపల్లి జిల్లాలోనూ ఉంది. దగ్గరిదో పేరున్నదో ఎంచుకోకండి. పెళ్లి సంబంధాలు ఏ దిక్కు నుంచి వచ్చాయి, ఇంటిదేవుడు ఎటువైపు ఉన్నాడు అన్న రెండింటితో సరిచూసుకుంటే సాధారణంగా ఒక్కటే మిగులుతుంది.

అసలు ఊరే దొరక్కపోతే మూడు కారణాలు చూడండి. రెవెన్యూ జాబితాలో బేచిరాగ్ అని రాసిన ఊళ్లుంటాయి, అంటే మనుషులు లేని ఊరు, సర్వే నంబర్లు మాత్రం మిగిలిన ఊరు. మీ ఇంటిపేరు అలాంటి ఊరిదే కావచ్చు. తహసీల్దారు ఆఫీసులో మండల గ్రామాల జాబితా అడిగితే తెలుస్తుంది. రెండోది ముంపు: శ్రీశైలం జలాశయం కింద కొల్లాపూర్, అలంపూర్ వైపు, సాగర్ కింద కృష్ణ ఒడ్డున ఊళ్లు పోయాయి. కొత్త పటాల్లో ఇవి ఉండవు, ఆనకట్టలకు ముందటి పటాలు చూడాలి. మూడోది జిల్లాల మార్పు. 2016లో నల్లగొండ మూడు జిల్లాలైంది. పాత మహబూబ్‌నగర్ ముక్కలు నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల జిల్లాలయ్యాయి, 2019లో నారాయణపేట చేరింది. షాద్‌నగర్, ఆమనగల్లు వైపు మండలాలు రంగారెడ్డికి, కొడంగల్ వైపువి వికారాబాద్‌కు వెళ్లాయి. నిజాం కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాలోనే ఉండేది. కాగితంలో పాత జిల్లా పేరు చూసి కొత్త కలెక్టరేట్‌కు వెళితే వెనక్కి పంపిస్తారు.

శాసనాల మోజు

ఈ నేల శాసనాల్లో ఇంటిపేర్లు గట్టిగానే కనిపిస్తాయి. 13వ శతాబ్దంలో వర్ధమానపురం, ఇప్పటి నందివడ్డెమాన్, కేంద్రంగా గోనవాళ్లు ఏలారు. గోన బుద్ధారెడ్డి కూతురు కుప్పాంబిక మల్యాల గుండనాథుడి భార్య, ఆమె శాసనం భూత్పూరులో దొరికింది. సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి గుళ్లు రేచర్ల రెడ్లవి. వీటిలో మీ పేరు కనిపించగానే వంశవృక్షాన్ని అక్కడికి అతికించేయాలని చెయ్యి లాగుతుంది. ఆగండి. పిల్లలమర్రి కట్టించిన రేచర్లవాళ్లు రెడ్లు, తర్వాత రాచకొండ, దేవరకొండలు ఏలిన రేచర్లవాళ్లు పద్మనాయకులు. ఏడెనిమిది వందల ఏళ్ల కిందటే ఒక పేరు రెండు వంశాలకు ఉందంటే, ఇప్పటి ఇంటికీ ఆ శాసనానికీ మధ్య పేరు కలవడం ఒక్కటే ఏ రుజువూ కాదు. సేత్వార్‌కు వెనక ఒక్కో తరానికీ ఆధారం చూపగలిగితేనే గీత గీయండి. చూపగలిగే సాధారణ కుటుంబాలు బహు తక్కువ. పేరు ఈ ప్రాంతంలో అప్పటికే ఉందని ఒక వాక్యం రాసుకుంటే చాలు.

రాసి పెట్టే తీరు

తేలినదంతా మూడు రంగుల సిరాతో రాయండి: కాగితం ఉన్నదానికి నలుపు, ఇద్దరు వేర్వేరుగా చెప్పి కలిసినదానికి నీలం, ఒక్కరే చెప్పినదానికి ఎరుపు. పెళ్లి పత్రికల మీదో కుల సంఘం పుస్తకంలోనో అచ్చువేయాలనుకుంటే ఎరుపు వదిలేయండి, అచ్చయిన ఊహ పదేళ్లకు ఆధారమై మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. నకళ్ల వెనక ఏ ఆఫీసు, ఏ ఫైలు నంబరు, ఏ తేదీ అన్నది పెన్సిల్‌తో రాసి, ఒక సెట్టు ఊళ్లో పాలోళ్ల ఇంట్లో, ఇంకో సెట్టు మీ దగ్గర ఉంచండి. పెద్దవాళ్ల రికార్డింగులకు ఫోను ఒక్కటే దిక్కు కాకుండా వేరే డ్రైవులోనూ దాచండి. ఫైలు పేరులో మనిషి పేరు, ఊరు, తేదీ తెలుగులోనే పెట్టండి.